పెనుకొండ మీదుగా వచ్చిన దసరా సెలవులు

2025లో విజయదశమి, గాంధీ జయంతి రెండూ అక్టోబర్ 2నే పడ్డాయి. బడిపిల్లల లెక్కలో ఒక సెలవు పోయినట్టే. క్యాలెండర్‌లో ఆ ఎర్ర అంకె చూసినప్పుడల్లా నాకు పెనుకొండ కోట గుర్తొస్తుంది. మన సీమకు దసరా సంబరం ఆ కోట మీదుగానే వచ్చిందని నా గట్టి నమ్మకం.

1520 ప్రాంతంలో డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు విజయనగరంలో మహర్నవమి చూశాడు. తొమ్మిది రోజులూ మహర్నవమి దిబ్బ ముందు జనమే జనం. పట్టు కప్పిన గుర్రాలు, ఏనుగులు వరసగా నడిచేవి. పొద్దంతా జెట్టీల కుస్తీలు. చీకటి పడితే దివిటీలు, బాణాసంచా. అంతఃపుర స్త్రీలు మోసే బంగారం బరువుకు పక్కవాళ్ళు చేతులు పట్టుకుని నడిపించాల్సి వచ్చేదట! చివరి రోజున 250 దున్నలు, 4,500 గొర్రెలు బలి. అది ముగిశాక శ్రీకృష్ణదేవరాయలు ఊరి బయట గుడారాలు వేయించి సైన్యాన్ని చూసుకునేవాడు. ఎన్నిసార్లు చదివినా నాకు తనివి తీరదు.

1565లో రక్కసి తంగడి దగ్గర విజయనగరం యుద్ధంలో ఓడాక తిరుమలరాయలు పెనుకొండ చేరాడు. పాతికేళ్ళకు పైగా రాజధాని ఇదే. తర్వాత చంద్రగిరి. ఆ మహర్నవమి ఒరవడిలోనే 1610లో మైసూరు పాలకుడు రాజ ఒడయరు శ్రీరంగపట్నంలో దసరా మొదలుపెట్టాడు; మైసూరు దసరాకు మూలం అదే.

పాలెగాళ్ళు పోయారు, టిప్పు పోయాడు, కుంపినీ వచ్చింది. 1881 నాటి చట్టంతో బ్యాంకు సెలవులు గెజిట్‌కెక్కాయి. ధర్మవరంలో మాత్రం ఆయుధపూజనాడు మగ్గానికి పసుపు కుంకుమ పెట్టడానికి ఏ గెజిట్టూ అక్కర్లేదు.

ఇప్పటి సెలవుల లెక్క వేరు. హిందూపురం బళ్ళకు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా వేసవి సెలవులు. పక్కనే గౌరీబిదనూరు కర్ణాటకలో ఉంది. అక్కడ సెలవులు ముందే ఇచ్చి, మే నెలాఖరుకే బడి తెరుస్తారు. ఇటు అక్క పిల్లలు, అటు చెల్లెలి పిల్లలు. అందరూ అవ్వ ఇంట్లో కలిసి మామిడిపండ్లు తినాలంటే మిగిలేది నడుమ నెల రోజులే. జూన్ మొదట్లో హిందూపురం పిల్లలు అవ్వ ఇంటి అరుగు మీద ఒంటరిగా కూర్చుని, బడి తెరిచిన గౌరీబిదనూరు పిల్లల కోసం శనివారం దాకా ఎదురుచూస్తారు.