భారీ నక్షత్రాల ద్రవ్య నష్టం

సూర్యునికంటే ఎన్నో రెట్లు బరువైన నక్షత్రాలు జీవిత చరమదశలో పైపొరల వాయువును అంతరిక్షంలోకి వెళ్లగక్కడాన్ని ద్రవ్య నష్టం అంటారు. దీని ఫలితాలు కంటపడిన చాలాకాలానికి గాని అసలు సంగతి శాస్త్రజ్ఞులకు అంతుపట్టలేదు.

దక్షిణాకాశంలోని ఈటా కెరీనే ఇందుకు గట్టి ఉదాహరణ. 1677లో ఎడ్మండ్ హేలీ నాలుగో తరగతి తారగా నమోదు చేసిన ఈ నక్షత్రం 1837 డిసెంబరులో హఠాత్తుగా ప్రకాశించడాన్ని ఆఫ్రికా దక్షిణ కొనన ఉన్న జాన్ హెర్షెల్ గమనించాడు. 1843 నాటికి అది సిరియస్ తరువాత అంతటి కాంతివంతమైన తారగా వెలిగి, ఆపైన క్రమంగా మసకబారి కంటికి కనిపించకుండా పోయింది. పది సూర్యుల బరువుకు మించిన పదార్థం ఆ విస్ఫోటంలో బయటపడినా నక్షత్రం మాత్రం నశించలేదు. ఆ పదార్థమే నేడు రెండు బుడగల ఆకారంలో విస్తరిస్తున్న హోమంక్యులస్ నెబ్యులా.

1867లో పారిస్ వేధశాలకు చెందిన షార్ల్ వోల్ఫ్, జార్జ్ రాయే హంస మండలంలోని మూడు తారల వర్ణపటాల్లో అసాధారణంగా వెడల్పైన ఉద్గార రేఖలను చూశారు. నక్షత్రం నుంచి అన్ని దిక్కులకూ వేగంగా దూసుకుపోయే వాయువులో కొంత మనవైపు, కొంత అవతలికి కదలడంవల్ల రేఖలు అలా విస్తరిస్తాయని కెనడా శాస్త్రజ్ఞుడు బీల్స్ 1929లో వివరించాడు. వోల్ఫ్-రాయే తారలుగా పేరొందిన వీటిపై కృషిచేసినవారిలో హైదరాబాదులో పెరిగి, నిజాం కళాశాలలో చదివిన వైను బప్పు ఒకరు.

ఇంతకూ వాయువును నెట్టేదేమిటి? నక్షత్రపు అతినీలలోహిత కాంతిని ఇనుము, కార్బన్ వంటి మూలకాల అయాన్లు పీల్చుకుని, ఆ తాకిడికి బయటికి కదులుతూ తక్కిన వాయువునూ ఈడ్చుకుపోతాయని క్యాస్టర్, ఆబట్, క్లైన్ 1975లో గణితపరంగా నిరూపించారు. నక్షత్ర పవనం అనే ఈ వాయు ప్రవాహంతోనే హైడ్రోజన్ పొర ఊడిపోయి భారీ తార వోల్ఫ్-రాయే తారగా మారుతుందని పీటర్ కాంటి ప్రతిపాదించగా, ఆ చిత్రం కొంతకాలం తిరుగులేనిదిగా కనిపించింది.

అయితే పవనం ఏకరీతిగా కాక ముద్దలు ముద్దలుగా వీస్తుందని తేలడంతో నష్టపు అంచనాలు గణనీయంగా తగ్గాయి. దాంతో, చాలా తారల పొరలను జంట తారే గురుత్వాకర్షణతో లాగేసుకుంటుందన్న వాదన బలపడింది; భారీ తారల్లో అత్యధికం జంటలుగానే ఉండటం దీనికి అనుకూలమైన విషయం. ఇక ఎస్‌ఎన్ 2006జేసీ అనే సూపర్నోవా సంభవించిన చోటనే 2004లో మరొక మెరుపు నమోదై ఉండటంతో, మరణానికి రెండేళ్ల ముందే ఆకస్మిక విసర్జనలు ఎలా జరుగుతాయన్న ప్రశ్న ముందుకు వచ్చింది. నిలకడైన పవనాన్ని మాత్రమే లెక్కించే సిద్ధాంతాలలో దానికి జవాబు లేదు.