కార్ఖానా దారిలో ట్యూనింగ్ పని

మోటార్‌సైకిల్‌కి బయట కొని తగిలించే ఫ్యూయల్, ఇగ్నిషన్ మాడ్యూల్ అనగానే చాలామందికి కుర్రకారు వేగం పిచ్చే గుర్తొస్తుంది. సైలెన్సర్ మార్చిన బండి చెవులు చిల్లులు పడేలా పక్కనుంచి దూసుకుపోయినప్పుడు ఎవరికైనా కలిగే అభిప్రాయం అదే. ఈ వృత్తి గతాన్ని తిరగేస్తే మాత్రం వేరే సంగతి తేలుతుంది. బండి తయారైన చోటు ఒకటై తిరిగే చోటు మరొకటైనా, బంకులో పెట్రోలు మారినా, చట్టం మారినా, ఇంజన్‌కీ దాని సెట్టింగుకీ మధ్య ఎడం పడుతుంది. ఆ ఎడాన్ని పూడ్చే పనే ట్యూనింగ్. పనిముట్లు ఎన్ని మారినా ఆ పని నిలబడింది కొలత మీదే. ఈరోజు మాడ్యూల్ ఎంచుకోవడానికి కూడా అంతకన్నా మంచి గీటురాయి లేదు.

సికింద్రాబాద్ నుంచి తిరుమలగిరి వైపు వెళ్లే దారిలో, కంటోన్మెంట్ పరిధిలో ఉంటుంది కార్ఖానా. 1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో చేసుకున్న సైన్య సహకార ఒప్పందం వల్ల ఇక్కడ దండు దిగింది. 1806లో తర్వాతి నిజాం సికందర్ జా పేరు మీద ఊరికి సికింద్రాబాద్ అని పేరు వచ్చింది. దండు ఉన్నచోట బండ్లు, వాటిని బాగుచేసే చేతులు తప్పవు. 1893లో లాలాగూడలో నిజాం రైల్వే వర్క్‌షాపు, 1943లో సికింద్రాబాద్‌లోనే ప్రాగా టూల్స్ వచ్చాయి. సైన్యంలో యంత్రాల మరమ్మతు కోసం ఈఎంఈ విభాగం పుట్టిందీ 1943లోనే. తర్వాత దాని శిక్షణ కేంద్రం, కళాశాల తిరుమలగిరి ప్రాంతంలో స్థిరపడ్డాయి. లేత్ మీద వెంట్రుకవాసి తేడా పట్టుకోవడం, ఫీలర్ గేజ్ వాడడం ఈ చుట్టుపక్కల ఎందరికో కూడుపెట్టిన విద్యలు. ఇలాంటి చోట ఇంజన్ సర్దుబాటును ఒట్టి సరదా వ్యవహారంగా చూడడం సరికాదు. సైనికుడి బండి పొద్దున్నే ఒక్క కిక్కుకి స్టార్ట్ కావాలి. అక్కడ మొదటి అవసరం అదే.

1950ల తొలినాళ్లలో సైన్యం బుల్లెట్ 350ని ఎంచుకుంది. 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా మద్రాసులో మొదలై, తిరువొత్తియూరులో బండ్లు తయారుచేసింది. ఆ ఫ్యాక్టరీ సముద్రం ఒడ్డున ఉంది. హైదరాబాద్, సికింద్రాబాద్ జంటనగరాలు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నాయి. ఇక్కడ గాలి సాంద్రత దాదాపు 5 శాతం తక్కువ. కార్బొరేటర్‌కి ఆ సంగతి తెలియదు. అక్కడ సరిపోయిన జెట్టు ఇక్కడ కాస్త రిచ్‌గా, అంటే గాలికి మించిన పెట్రోలుతో, నడుస్తుంది, ప్లగ్గు మీద మసి పేరుతుంది. నిప్పురవ్వ సంగతి ఇంకా సున్నితం. ప్లాటినం పాయింట్ల మధ్య ఎడం 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. మెకానిక్ ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో సైకిల్ పుల్ల దించి, పిస్టన్ ఎంత పైకొచ్చిందో చూసేవాడు. సిగరెట్ పెట్టెలోని పలచని కాగితాన్ని పాయింట్ల మధ్య ఇరికించి, మెల్లగా లాగుతూ ఇంజన్ తిప్పేవాడు. పట్టు వదిలి కాగితం జారిన క్షణమే రవ్వ పుట్టే క్షణం. పిస్టన్ పూర్తిగా పైకి చేరడానికి ఇంకా మిల్లీమీటరు లోపు దూరం ఉండగా అది జరగాలి. మరీ ముందైతే కిక్ ఎదురు తన్నుతుంది, ఆలస్యమైతే ఇంజన్ వేడెక్కి పికప్ చస్తుంది. సైకిల్ పుల్ల, సిగరెట్ కాగితం మోటు పనిముట్లలా కనిపిస్తాయి గానీ, అవి చేసింది కచ్చితమైన కొలతే.

వేగం మోజు లేనేలేదని అనడం అబద్ధమవుతుంది. 1983లో ఎస్కార్ట్స్ తెచ్చిన రాజ్‌దూత్ 350, 1985లో వచ్చిన యమహా ఆర్ఎక్స్ 100 ఆ మోజుకు ఊపిరి పోశాయి. అయితే రాజ్‌దూత్ కథలోనే మన వాదనకు సాక్ష్యం ఉంది. యమహా రూపొందించిన ఆ ఇంజన్ జపాన్‌లో దాదాపు 39 హార్స్‌పవర్ ఇచ్చేది. మన దేశంలో మొదట 30.5కి, తర్వాత 27కి తగ్గించారు. మైలేజీ కోసం, ఇక్కడి రోడ్ల కోసం ఫ్యాక్టరీయే చేసిన ట్యూనింగ్ అది. ఫ్యాక్టరీ సెట్టింగు అంటే పవరు, మైలేజీ, ఖర్చు, చట్టం నలుగురూ కూర్చుని కుదుర్చుకున్న రాజీ. ఆర్ఎక్స్ 100లో సీడీఐ అనే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ రావడంతో పాయింట్లు రుద్దే పని పోయింది. టైమింగ్ చేతికి అందకపోవడంతో మెకానిక్ దృష్టి జెట్టు మీదకు, సైలెన్సర్ మీదకు, పోర్టులు రాకడం మీదకు మళ్లింది.

తర్వాతి మలుపులన్నీ పెట్రోలు, చట్టం తెచ్చినవే. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్మారు. 2017లో బీఎస్-4, 2020లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాయి. 2006లో హీరో హోండా గ్లామర్, 2009లో రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 500 ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో వచ్చాయి. 2020 నాటికి అది దాదాపు అన్ని బండ్లకూ తప్పనిసరైంది. స్క్రూడ్రైవర్‌తో తిప్పే మిక్చర్ స్క్రూ మాయమై, ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ అయిన ఈసీయూలో దాగిన అంకెల పట్టిక వచ్చింది. మామూలు వేగంలో ఆక్సిజన్ సెన్సార్ మాట విని ఈసీయూ ఒక పాలు పెట్రోలుకు దాదాపు 14.7 పాళ్ల గాలి చొప్పున నిలుపుతుంది, క్యాటలిటిక్ కన్వర్టర్‌కి కావలసింది ఆ లెక్కే. థ్రాటిల్ పూర్తిగా తిప్పినప్పుడు పవరు ఎక్కువ వచ్చేది 13కి అటూ ఇటూ. ఈ రెండు అంకెల మధ్య జాగాలోనే మాడ్యూళ్ల వ్యాపారం నడుస్తోంది. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చాక పాత కార్బొరేటర్ బండ్లు లీన్ అవుతున్నాయి, అంటే గాలి పాలు ఎక్కువవుతోంది. వాటికి మాడ్యూల్ అక్కర్లేదు, సూది క్లిప్పును ఒక గాడి కిందికి దించడమో, జెట్టు ఒక సైజు పెంచడమో చాలు.

ఇంజెక్షన్ బండ్లకు రెండు రకాల మాడ్యూళ్లు దొరుకుతున్నాయి. కొన్ని పెట్రోలు మోతాదును మాత్రమే మారుస్తాయి. బెంగళూరు సంస్థ రేస్ డైనమిక్స్ చేసే పవర్‌ట్రానిక్ లాంటివి రవ్వ పుట్టే సమయాన్ని కూడా మారుస్తాయి. రెండు పనులూ చేసేదే మెరుగని అనిపించడం సహజం, కానీ రెండింటి ప్రమాదం ఒకటి కాదు. పెట్రోలు కాస్త ఎక్కువైతే మైలేజీ పడిపోతుంది, పొగ పెరుగుతుంది. రవ్వ హద్దు మీరి ముందుకు జరిగితే నాకింగ్ మొదలై పిస్టన్‌కే చిల్లు పడవచ్చు. మన బండ్లలో చాలావాటికి దాన్ని పసిగట్టే నాక్ సెన్సార్ ఉండదు. కాబట్టి సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్ మార్చని బండికి ఏదీ వద్దు. అవి మార్చినదానికి పెట్రోలు మాడ్యూల్ చాలు. కంప్రెషన్ పెంచి, 95 ఆక్టేన్ పెట్రోలు క్రమం తప్పకుండా పోసే బండికైతేనే ఇగ్నిషన్ మ్యాపు అర్థవంతం. అదీ పవరు కొలిచే డైనో మీద, గాలి-పెట్రోలు పాళ్లు చూపే వైడ్‌బ్యాండ్ సెన్సార్‌ను సైలెన్సర్‌లో పెట్టి చూసి రాసిన మ్యాపై ఉండాలి. మరో ఊళ్లో మరో బండికి రాసిన మ్యాపును ఎక్కించుకోవడమంటే తిరువొత్తియూరు జెట్టునే తిరుమలగిరిలో వాడుకోవడం.

కంప్యూటర్ వచ్చి మెకానిక్ చేతి విద్యను మింగేసిందని కొందరంటారు. సీడీఐ వచ్చినప్పుడూ ఇదే మాట వినిపించి ఉంటుంది. నిజానికి అప్పుడు పోయిన టైమింగ్ సర్దుబాటే మాడ్యూల్ రూపంలో తిరిగి చేతికొచ్చింది. ఇంతకన్నా బలమైన అభ్యంతరం చట్టానిది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, తయారీదారు చెప్పిన వివరాలకు తేడా వచ్చే మార్పుల్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా గానీ, 6 నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడే వీలు కలిగింది. పొల్యూషన్ పరీక్ష ఐడ్లింగ్‌లోనే జరుగుతుంది కనుక ఫుల్ థ్రాటిల్ దగ్గర పెంచిన పెట్రోలు అందులో బయటపడకపోవచ్చు. పట్టుబడకపోవడం వేరు, పొగ రాకపోవడం వేరు. కన్వర్టర్ పీకేసి మాడ్యూల్ పెట్టడాన్ని పైన చెప్పిన చరిత్రేదీ సమర్థించదు. బండికీ దాని సెట్టింగుకీ మధ్య ఎడాన్ని అది పూడ్చదు సరికదా, కొత్తగా తెచ్చిపెడుతుంది.

బ్రాండు పేరు, పెట్టె మీద రాసిన హార్స్‌పవర్ ఆఖరున చూడాల్సినవి. మాడ్యూల్ కొనేవాడు ముందు అడగాల్సింది, బండి మీద ఏం కొలిచారు, దేనితో కొలిచారు, మార్పుకు ముందూ తర్వాతా అంకెలు చూపిస్తారా అని. ఆ జవాబు చెప్పగల షాపులో సాదా పెట్టె అయినా పనిచేస్తుంది. చెప్పలేని చోట ఖరీదైన పెట్టె కన్నా ఫ్యాక్టరీ సెట్టింగే మేలు.