బగాన్ దాతుక్ జిల్లా

బగాన్ దాతుక్ మలేసియాలోని పెరాక్ రాష్ట్రానికి నైరుతి కొసన, మలక్కా జలసంధి ఒడ్డున ఉన్న గ్రామీణ జిల్లా. ఉత్తరాన పెరాక్ నది, దక్షిణాన బెర్నాం నది, పడమట సముద్రం దీని హద్దులు. తూర్పున మాత్రమే నేల హద్దు ఉంది. అటు హిలిర్ పెరాక్ జిల్లా. విస్తీర్ణం సుమారు 950 చదరపు కిలోమీటర్లు, జనాభా దాదాపు 70 వేలు. కొబ్బరి తోటలకు, చేపల వేటకు పేరున్న ఈ జిల్లా, మలేసియాలో తెలుగువారు చెప్పుకోదగ్గ సంఖ్యలో స్థిరపడిన ప్రాంతాల్లో ఒకటి.

నైసర్గిక స్వరూపం

జిల్లాలో కొండలు దాదాపు లేవు. రెండు నదులు తెచ్చిన ఒండ్రు, సముద్రం మేటవేసిన బంకమట్టి కలిసి ఏర్పడిన పల్లపు నేల ఇది. రెండు నీటిపాయల నడుమ కొబ్బరి చెట్లు కమ్ముకున్న ఈ మైదానాన్ని చూస్తే తెలుగువారికి కోనసీమ గుర్తుకు రావచ్చు. అయితే ఇక్కడివి ఒకే నది పాయలు కావు, రెండు వేర్వేరు నదులు. థాయిలాండ్ సరిహద్దు కొండల్లో పుట్టి సుమారు 400 కిలోమీటర్లు ప్రవహించే పెరాక్ నది బగాన్ దాతుక్ పట్టణం దగ్గర సముద్రంలో కలుస్తుంది. బెర్నాం నది పెరాక్, సెలంగోర్ రాష్ట్రాలకు సరిహద్దు.

తీరం వెంట మడ అడవులు, వాటి వెనుక సముద్రపు బంకమట్టి నేలలు, ఇంకా లోపలికి వెళితే కుళ్లిన వృక్షపదార్థంతో నిండిన పీట్ నేలలు ఉంటాయి. పోటు వేళ ఉప్పునీరు పొలాల్లోకి రాకుండా తీరం పొడవునా కరకట్టలు కట్టారు. కాలువల చివర తలుపులున్న తూములు పెట్టి, పాటు వేళ వాటిని తెరిచి వాననీటిని సముద్రంలోకి వదులుతారు. నీటిని మరీ లోతుగా తోడేసినా ఇబ్బందే. ఇలాంటి తీరపు నేలల అడుగున గంధకం, ఇనుము కలిసిన ఖనిజం ఉంటుంది. దానికి గాలి తగిలితే ఆమ్లం పుట్టి పైరు దెబ్బతింటుంది. అందుకే కాలువల్లో ఎప్పుడూ కొంత మట్టం నీరు నిలిపి ఉంచడం ఇక్కడి సాగులో ముఖ్యమైన పని.

వాతావరణం ఏడాది పొడవునా వేడిగా, తేమగా ఉంటుంది. ఈశాన్య రుతుపవనాల తీవ్రతను తూర్పునున్న తితివాంగ్సా పర్వతశ్రేణి, నైరుతి రుతుపవనాల తీవ్రతను సుమత్రా దీవి తగ్గిస్తాయి. రెండు రుతుపవనాల మధ్యకాలాల్లో, అంటే ఏప్రిల్ ప్రాంతంలోనూ అక్టోబరు, నవంబరు నెలల్లోనూ వానలు ఎక్కువ.

చరిత్ర

పెరాక్ సుల్తానుల వంశగాథకు ఈ నదీముఖంతో సంబంధం ఉంది. మలక్కా చివరి సుల్తాను మహమూద్ కుమారుడు ముజఫర్ షా 1528లో పెరాక్ రాజ్యాన్ని స్థాపించాడు. అతడు వస్తున్న ఓడ బెతింగ్ బెరాస్ బాసా అనే ఇసుకమేట దగ్గర నేలకు తగులుకుందని, బరువంతా పారేసినా కదలకపోతే చివరికి కిరీటాన్ని కూడా నీట వదిలాడని, అప్పుడు ఓడ తేలిందని కథనం. పెరాక్ సుల్తానులు కిరీటం ధరించకపోవడానికి కారణంగా ఈ కథనే చెబుతారు.

1874 పంగ్‌కోర్ ఒప్పందంతో పెరాక్‌పై బ్రిటిష్ వారి పట్టు మొదలైంది. ఆ తర్వాత అడవులు నరికి, కాలువలు తవ్వి, కొబ్బరి, రబ్బరు తోటలు వేశారు. డెన్మార్క్ ఇంజనీరు ఆగె వెస్టెన్‌హోల్జ్ 1906లో ఈ ప్రాంతంలో జెందరాతా రబ్బరు కంపెనీని ప్రారంభించాడు. నేటి యునైటెడ్ ప్లాంటేషన్స్ సంస్థకు మూలం అదే. రెండో ప్రపంచ యుద్ధంలో పెరాక్‌లోని కంపార్ పట్టణం దగ్గర బ్రిటిష్, భారతీయ దళాలు గట్టిగా నిలబడినప్పుడు, జపాన్ సేనలు 1942 జనవరి మొదట్లో పడవలపై వచ్చి ఈ జిల్లాలోని హుతాన్ మెలింతాంగ్ వద్ద దిగి వెనుక నుంచి ముప్పు తెచ్చాయి. దాంతో కంపార్‌ను విడిచిపెట్టక తప్పలేదు.

జనం

ఈ నేలను సాగులోకి తెచ్చినవారిలో చాలామంది సముద్రం దాటి వచ్చినవారే. జనాభాలో మలయులు అధికులు. వారిలో జావా నుంచి, బోర్నియో దీవిలోని బంజార్ ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబాల సంతతి ఎక్కువ. చీనీయులు ప్రధానంగా హుతాన్ మెలింతాంగ్, బగాన్ దాతుక్ పట్టణాల్లో, రేవు పల్లెల్లో ఉంటూ చేపల వేట, వ్యాపారం చేస్తారు. జనాభాలో సుమారు ఐదో వంతు భారతీయ సంతతివారు. వీరిలో తమిళులు ఎక్కువ, తెలుగువారు తర్వాత.

తెలుగు కూలీలు పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి మలయా తోటలకు వెళ్లారు. తోటలో పనిచేస్తున్న కంగాణీని, అంటే కూలీల మేస్త్రీని, యజమాని సొంత ఊరికి పంపితే, అతడు బంధువులను, ఊరివాళ్లను వెంటబెట్టుకుని వచ్చేవాడు. 1938లో భారత ప్రభుత్వం కూలీల వలసను నిషేధించడంతో ఈ రాకపోకలు ఆగాయి. మలేసియా తెలుగు కుటుంబాల్లో అప్పలసామి, అప్పలనాయుడు వంటి పేర్లు తరచుగా వినబడటం వారిలో చాలామంది మూలాలు ఉత్తరాంధ్రలో ఉన్నాయనడానికి ఆనవాలు. తోటల్లో వారు రామమందిరాలు కట్టుకున్నారు, ఉగాది జరుపుకుంటున్నారు. దేశంలోని తెలుగువారి సంఘం 1955లో మలయా ఆంధ్ర సంఘంగా ఏర్పడింది. చాలా తోటల బడుల్లో తమిళమే బోధనా భాష కావడంతో చాలా తెలుగు కుటుంబాల్లో తమిళం వాడుక భాషగా స్థిరపడింది.

ఆర్థిక వ్యవస్థ

మలేసియా ద్వీపకల్పంలో కొబ్బరికి ఈ జిల్లాయే పెద్ద కేంద్రం. ఒకప్పుడు ఎండుకొబ్బరి ప్రధాన సరుకు; ఇప్పుడు కొబ్బరిపాల కోసం ముదురు కాయకు, తాగడానికి లేతబోండాలకు గిరాకీ. పొట్టి రకాన్ని ఫిలిప్పీన్స్‌కు చెందిన తగ్నానన్ పొడవు రకంతో కలిపి రూపొందించిన మాతాగ్ సంకర రకం అధిక దిగుబడికి పేరు పొందింది. కొబ్బరి నీడలో కోకో సాగు ఒకప్పుడు విస్తారంగా ఉండేది. ధరలు పడిపోవడం, కాయతొలుచు పురుగు బెడద వల్ల 1990 దశకం నుంచి అది తగ్గిపోయింది. రబ్బరు స్థానాన్ని చాలావరకు ఆయిల్‌పామ్ ఆక్రమించింది. చెట్లు ముదిరిపోవడం, దింపు కూలీలు దొరకకపోవడం చిన్న కొబ్బరి రైతుల ప్రధాన సమస్యలు. బెర్నాం ఒడ్డునున్న హుతాన్ మెలింతాంగ్ పెద్ద చేపల రేవు.

పాలన, రవాణా

హిలిర్ పెరాక్‌లో ఉపజిల్లాగా ఉన్న బగాన్ దాతుక్ 2017 జనవరిలో రాష్ట్రంలో పన్నెండో జిల్లా అయింది. బగాన్ దాతుక్, హుతాన్ మెలింతాంగ్, రుంకుప్, తెలుక్ బారు దీని ముకింలు, అంటే రెవెన్యూ విభాగాలు. ఇక్కడే పుట్టిన అహ్మద్ జాహిద్ హమీదీ 1995 నుంచి పార్లమెంటులో బగాన్ దాతుక్ నియోజకవర్గానికి ప్రాతినిధ్యం వహిస్తున్నారు. ఆయన 2015 నుంచి 2018 వరకు ఉపప్రధానిగా పనిచేసి, 2022 డిసెంబరులో మళ్లీ ఆ పదవి చేపట్టారు. పెద్ద బజారుకు జనం పొరుగు జిల్లాలోని తెలుక్ ఇంతాన్‌కు వెళ్తారు. పశ్చిమ తీర ఎక్స్‌ప్రెస్‌వేలో హుతాన్ మెలింతాంగ్ నుంచి తెలుక్ ఇంతాన్ వరకు ఉన్న భాగం 2019లో తెరుచుకుంది.