మార్టేరు వందేళ్లు, కృష్ణా దిగువ చేలు

ఇప్పటి పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో వరి పరిశోధనా స్థానం 1925లో మొదలైంది. దాని వందేళ్ల కథలో చాలా భాగం గోదావరి ఒడ్డున కాదు, బందరు, గుడివాడ, దివిసీమ చేలల్లో నడిచింది. ఇక్కడి సార్వా మడిలో స్వర్ణ కనిపించినా, ఇంద్ర కనిపించినా అవి మార్టేరు బిడ్డలే. బీపీటీ అయితే కృష్ణ అవతల బాపట్లది. స్వర్ణకూ బీపీటీకీ దగ్గరి చుట్టరికం ఉంది. శతాబ్ది వేళ ఆ చుట్టరికాన్ని కాస్త తీరిగ్గా చూడాలి.

మార్టేరు స్థానం రాకముందు కృష్ణా, గోదావరి డెల్టాలలో అక్కుళ్లు, కృష్ణ కాటుకలు, అట్రగడ, కోనామణి, బాసంగి, గరిక సన్నవరి వంటి వడ్లు పండేవి. విత్తనం ఇంటిదే. పేరు ఒకటే అయినా ఒకే మడిలో నాలుగు తీరుల మొక్కలు కలిసి ఉండేవి. పాత మద్రాసు రాష్ట్రంలోని పరిశోధనా స్థానాలు మొదట చేసిన పని, ఆ కలగలుపులోంచి మేలైన వెన్నులు ఏరడం. ఒక్కో వెన్ను గింజలను విడివిడిగా పెంచి, అన్నింటిలో బాగున్న వరసను రైతులకు ఇచ్చారు. దిగుబడి పెరిగింది, గింజ ఒక తీరుకు వచ్చింది. చేలోని వైవిధ్యం తగ్గడం కూడా అక్కడే మొదలైంది. యూరియా బస్తాలు ఊళ్లోకి రాకముందే జరిగిన మార్పు ఇది. అన్నిటికీ హరిత విప్లవాన్నే కారణంగా చూపేవాళ్లు ఈ దశను మరిచిపోతుంటారు.

పాత వడ్లు ఎత్తుగా పెరిగేవి. పశువులకు గడ్డి దండిగా దొరికేది గానీ, ఎరువు కాస్త ఎక్కువైతే చేను పడిపోయేది. 1960లలో పొట్టి రకాలు ఆ బెడద తీర్చాయి. మార్టేరుకు దగ్గరలోని ఆచంటలో నెక్కంటి సుబ్బారావు 1967లో ఐఆర్ 8 పండించి దేశమంతటా పేరు తెచ్చుకున్నారు. కానీ ఐఆర్ 8 బియ్యం లావు. సన్నన్నానికి అలవాటుపడ్డ డెల్టా నాలుకకు అది నచ్చలేదు.

ఆ లోటు తీర్చింది మసూరి. కటక్ వరి పరిశోధనా కేంద్రంలో తైవాన్, మలయా రకాలను సంకరం చేస్తే వచ్చిన విత్తనం మలేసియాకు వెళ్లింది. అక్కడ ఎంపికై, 1965లో విడుదలై, తిరిగి మన దేశానికి వచ్చింది. మార్టేరు శాస్త్రజ్ఞులు వశిష్ఠ రకంతో మసూరిని కలిపి ఎంటీయూ 7029ను తయారుచేశారు. 1982లో విడుదలైన ఆ స్వర్ణ ఒడిశా, బెంగాల్ దాటి బంగ్లాదేశ్ దాకా పాకింది. బాపట్లలో జీఈబీ 24, తైచుంగ్ నేటివ్ 1ల సంకరాన్ని మళ్లీ మసూరితో కలిపితే బీపీటీ 5204 పుట్టింది. 1986లో వచ్చిన ఈ సాంబమసూరి సన్నబియ్యానికే మారుపేరైంది. అంటే రెండు ఊళ్లు విడివిడిగా సాధించిన రెండు గొప్ప రకాలకూ కన్నవారిలో ఒకరు మసూరే. సార్వాలో కనుచూపు మేర కనిపించే పచ్చదనంలో చాలా వరకు ఒకే కుటుంబం.

దీని మూల్యం బీపీటీ రైతుకు తెలుసు. అగ్గితెగులు, ఎండాకు తెగులు, దోమ, ఏది వచ్చినా ఆ రకం తట్టుకోలేదు. ఊరంతా అదే ఉంటే తెగులుకు గట్లు అడ్డం కావు. ఎండాకు తెగులుకు మందు చివరకు మరో విత్తనంలోనే దొరికింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధనా సంచాలనాలయం కలిసి సాంబమసూరిలోకి మూడు నిరోధక జన్యువులను తెచ్చాయి. వాటిలో ఒకటి ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరిది. ఆ మెరుగైన సాంబమసూరి 2008లో విడుదలైంది. మరుసటి ఏడే ముంపును రెండు వారాల దాకా ఓర్చుకునే స్వర్ణ-సబ్1 వచ్చింది. ఆ ఓర్పు ఒడిశా నాటు రకం నుంచి తెచ్చింది. ఆ అడవి వరినీ ఈ నాటు రకాన్నీ ఎవరో ఎక్కడో దాచి ఉంచకపోతే ఈ రెండు విత్తనాలూ లేవు.

మినుముదీ ఇదే దారి. వరి కోతకు ముందు, మడిలో తేమ ఉండగానే మినుములు చల్లడం దివిసీమ అలవాటు. గుంటూరు లాం స్థానం ఇచ్చిన కృష్ణయ్య రకం ఏళ్ల తరబడి మాగాణుల్లో రాజ్యమేలింది. తర్వాత పల్లాకు తెగులు విరుచుకుపడింది. దాన్ని తట్టుకునే రకాల కోసం ఘంటసాల స్థానం పనిచేసి జీబీజీ 1ను తెచ్చింది.

వీటన్నిటికంటే మొండి సమస్య ఉప్పు. 1977 నవంబర్ 19 నాటి ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది, పొలాలను ఉప్పునీటితో ముంచింది. నాగాయలంక, కోడూరు, కృత్తివెన్ను వంటి సముద్రపు అంచు మండలాల్లో కాలవ నీళ్లు ఆలస్యమైతే చాలు, ఉప్పు పైకి తేలుతుంది. అక్కడ స్వర్ణకున్న పేరుప్రతిష్ఠలు నారును కాపాడవు. బందరు వ్యవసాయ పరిశోధనా స్థానం ఎంసీఎం 100, ఎంసీఎం 103 వంటి ఉప్పును కొంత ఓర్చుకునే రకాలను తయారుచేసింది ఈ భూముల కోసమే. విడుదలైన రకం రైతుకు అందాలంటే విత్తనం పెంచేవాళ్లుండాలి, మిల్లరు ఆ ధాన్యం కొనాలి. మార్టేరు పేరున సంచికలు వేసి సంబరపడే ఈ ఏడాదైనా, నారుమళ్లు పోసే వేళకు ముందే దివిసీమ సొసైటీ గోదాముల్లో బీపీటీ బస్తాల పక్కన ఎంసీఎం బస్తాలు కూడా దించాలి. మార్టేరు చలి గదుల్లో ఉన్న పాత డెల్టా వడ్లను బందరు ఉప్పు మడుల్లో మళ్లీ నాటి చూడాలి.