దిగువన ఎవరున్నారు? ఆక్లాండ్ మురుగునీటి చరిత్ర

ఈసారి చరిత్ర రాస్తున్నాను. పర్యావరణం అనగానే మనం సోలార్ ప్యానెళ్ళు, ఎలక్ట్రిక్ కార్లు, చెట్లు నాటడం గురించి మాట్లాడుకుంటాం. నేను మాత్రం మురుగు గురించి రాస్తాను. ఒక నగరం తన మురుగుని ఎక్కడికి పంపుతుందో చూస్తే చాలు. ఆ నగరం ఎవరిని లెక్కలోకి తీసుకుందో, ఎవరిని వదిలేసిందో తెలిసిపోతుంది.

ముందు రెండు మాటలు నేర్చుకుందాం: ఎగువ, దిగువ. నీళ్ళు వచ్చే వైపు ఎగువ. నీళ్ళు పోయే వైపు దిగువ. వానాకాలంలో తెలుగు వార్తలు పెడితే ఈ రెండు మాటలు రోజూ వినిపిస్తాయి. "ఎగువ నుంచి వరద వస్తోంది, గేట్లు ఎత్తి దిగువకు నీళ్ళు వదిలారు" అంటారు. ఈ రెండు మాటలు తెలిస్తే ఆక్లాండ్ చరిత్ర సగం అర్థమైనట్టే.

క్వీన్ స్ట్రీట్ కింద వాగు

ఆక్లాండ్ నగరం 1840లో మొదలైంది. న్గాతీ ఫాతువా అనే మావోరి తెగవాళ్ళు ఇచ్చిన భూమి మీద బ్రిటిష్ వాళ్ళు ఊరు కట్టారు. ఇవాళ క్వీన్ స్ట్రీట్ ఉన్న లోయలో అప్పుడు ఒక వాగు ఉండేది. దాని పేరు వైహోరోటియు. మావోరి భాషలో 'వై' అంటే నీళ్ళు. హోరోటియు అనేది ఆ నీళ్ళలో ఉండే తానిఫా పేరు. తానిఫా అంటే నీటిని కాచే ఒక శక్తి. మన పల్లెల్లో చెరువు కట్ట మీద ఉండే కట్టమైసమ్మని తలుచుకోండి, కొంచెం దగ్గరగా ఉంటుంది.

ఊరు పెరిగింది. ఇళ్ళ చెత్త, మలమూత్రాలు అన్నీ ఆ వాగులోకే వెళ్ళాయి. వాగుకి గట్లు కట్టి కాలువగా మార్చి, లైగర్ కెనాల్ అని పేరు పెట్టారు. పేరుకి కాలువ, నిజానికి మూత లేని మురుగు. కంపు భరించలేక చివరికి దాన్ని కప్పేశారు. ఇప్పుడు ఆ నీళ్ళు రోడ్డు కింద గొట్టాల్లో పారుతున్నాయి. నగరం మధ్యలో కట్టిన కొత్త రైల్వే స్టేషన్‌కి టె వైహోరోటియు అనే పేరు పెట్టారు. వాగు కనిపించదు కానీ, దాని పేరు మాత్రం మళ్ళీ పైకి వచ్చింది.

ఓకాహు తీరం

వాగుని కప్పితే మురుగు మాయం కాదు కదా. దాన్ని ఇంకాస్త దూరం పంపాలి. 1908లో ఆక్లాండ్‌కి ఒక డ్రైనేజీ బోర్డు ఏర్పడింది. ఓరాకే దగ్గర సముద్రంలోకి మురుగు వదలాలని ఆ బోర్డు నిర్ణయించింది. 1914లో ఆ పైపు పనిచేయడం మొదలైంది.

ఆ పైపు వెళ్ళిన దారి చూడండి. ఓకాహు తీరంలో న్గాతీ ఫాతువా వాళ్ళ ఊరు ఉంది. నగరానికి భూమి ఇచ్చింది ఈ తెగే. పైపు సరిగ్గా వాళ్ళ ఊరికీ సముద్రానికీ మధ్య నుంచి వెళ్ళింది. గట్టులాంటి ఆ పైపు అడ్డం రావడంతో వాననీళ్ళు పోయే దారి లేక ఊరు బురదైంది. శుద్ధి చేయని మురుగు వాళ్ళు గవ్వచేపలు ఏరుకునే నీళ్ళలో కలిసింది. తర్వాత 1951, 1952లో ప్రభుత్వం ఆ ఊరివాళ్ళని ఖాళీ చేయించి, ఇళ్ళు తగలబెట్టింది. 1977లో దగ్గర్లోని బాస్టియన్ పాయింట్ మీద 506 రోజులు సాగిన పోరాటం వెనక ఈ కథ కూడా ఉంది.

ఒక మేయర్, రెండు సముద్రాలు

ఆక్లాండ్‌కి రెండు వైపులా సముద్రం ఉంది. తూర్పు వైపు వైటెమాటా. పడమటి వైపు మానుకౌ. 1940ల్లో ఇంజనీర్లు ఒక కొత్త పథకం వేశారు. మురుగు అంతటినీ తూర్పున మోటుకొరియా అనే చిన్న ద్వీపం దగ్గర సముద్రంలోకి వదలాలి. ఈ ద్వీపాన్ని బ్రౌన్స్ ఐలాండ్ అని కూడా అంటారు.

డవ్-మయర్ రాబిన్సన్ అనే ఆయన దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. మురుగులో నేలకి పనికొచ్చే సారం ఉందని, దాన్ని సముద్రంలో పారేయకుండా శుద్ధి చేయాలని ఆయన వాదించారు. ఎన్నికల్లో గెలిచి అదే డ్రైనేజీ బోర్డుకి అధ్యక్షుడయ్యారు. ద్వీపం పథకం ఆగిపోయింది. తర్వాత రాబిన్సన్ చాలా ఏళ్ళు ఆక్లాండ్ మేయర్‌గా ఉన్నారు. ఆయన విగ్రహం ఇప్పటికీ ఆవొటేయా స్క్వేర్‌లో ఉంది. పర్యావరణం కోసం పోరాడిన తొలి నాయకుల్లో ఒకరిగా ఆయన్ని ఇక్కడ గుర్తు చేసుకుంటారు.

కథ ఇక్కడ ఆపితే బాగుంటుంది. కానీ ఇక్కడ ఆపకూడదు.

తూర్పు సముద్రం బతికింది. మరి మురుగు ఎటు పోయింది? పడమటికి. 1960లో మాంగెరేలో శుద్ధి కేంద్రం తెరిచారు. మానుకౌ తీరంలో సుమారు 500 హెక్టార్ల నీటిని గట్లతో వేరు చేసి, ఆక్సిడేషన్ చెరువులు కట్టారు. ఎండా, గాలీ, నాచూ కలిసి మురుగుని శుభ్రం చేసే పద్ధతి ఇది. ఆ రోజులకి అది మంచి సాంకేతికతే. కానీ ఆ చెరువులు ఇహుమాటావో అనే మావోరి ఊరి ముందు ఉన్నాయి. ఊరికీ సముద్రానికీ సంబంధం తెగిపోయింది. ఒరువారాంగి అనే వాగు నోరు మూసుకుపోయింది. కంపు వచ్చింది. చిన్న చిన్న దోమల్లాంటి పురుగులు గుంపులుగా వచ్చాయి.

ఓకాహులో జరిగిందే ఇంకో తీరంలో మళ్ళీ జరిగింది. ఈసారి చేసింది పచ్చని ఆలోచన ఉన్నవాళ్ళే. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇదే. ఉద్దేశం మంచిదైనా, దిగువన ఉన్నవాళ్ళని అడగకపోతే భారం వాళ్ళ మీదే పడుతుంది.

గట్లు తీసేశారు

మావోరి ఆచారం ప్రకారం మనిషి మలం, తిండి ఇచ్చే నీళ్ళు కలవకూడదు. న్గానెకో మిన్హినిక్ అనే ఆమె, ఆమె తెగవాళ్ళు మానుకౌ సముద్రం గురించి వైటాంగి ట్రిబ్యునల్ ముందు ఫిర్యాదు పెట్టారు. ట్రిబ్యునల్ 1985లో నివేదిక ఇచ్చింది. మానుకౌని, దాని మీద బతికే తెగలని కాపాడడంలో ప్రభుత్వం విఫలమైందని చెప్పింది.

తర్వాత మాంగెరే కేంద్రాన్ని పూర్తిగా మార్చారు. 1990ల చివర మొదలైన ఆ పని 2000ల మధ్యలో పూర్తయింది. ఇప్పుడు మురుగుని ట్యాంకుల్లో శుద్ధి చేసి, చివర్లో అతినీలలోహిత కాంతితో క్రిములని చంపుతారు. పాత చెరువుల గట్లు తీసేశారు. ఆటుపోట్లు మళ్ళీ లోపలికి వచ్చాయి. ఒరువారాంగి వాగు నోరు తెరుచుకుంది. పక్షులు తిరిగి వచ్చాయి. 40 ఏళ్ళ నష్టం అంతా పోయిందని ఎవరూ అనరు. కానీ ఒక నగరం తను కట్టినదాన్ని తనే తీసి, సముద్రాన్ని సముద్రానికి ఇచ్చేయడం మామూలు సంగతి కాదు.

1908, 2023

1908 గుర్తుందా? ఆక్లాండ్‌కి డ్రైనేజీ బోర్డు వచ్చిన ఆ ఏడాదే, సెప్టెంబరు 28న, హైదరాబాదులో మూసీ నది పొంగింది. వేలమంది చనిపోయారు. తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాతో నగరానికి ఎగువన రెండు పెద్ద జలాశయాలు కట్టారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. వరదని ఊరికి దూరంగా, ఎగువనే పట్టి ఉంచి, నెమ్మదిగా వదలాలి. ఇదే ఆలోచన.

ఆక్లాండ్‌కి అలాంటి రోజు 2023 జనవరి 27న వచ్చింది. విమానాశ్రయం దగ్గర 24 గంటల్లో 240 మిల్లీమీటర్లకు పైగా వాన పడింది. నలుగురు చనిపోయారు. నగరం కప్పేసిన పాత వాగులన్నీ ఆ రాత్రి తమ దారులు వెతుక్కున్నాయి.

కానీ నార్త్‌కోట్‌లో గ్రీన్‌స్లేడ్ రిజర్వ్ అనే ఆటల మైదానం ఉంది. దాన్ని ముందే తవ్వి, చుట్టూ ఉన్న నేల కంటే కిందికి దించారు. మామూలు రోజుల్లో పిల్లలు అక్కడ ఆడుకుంటారు. ఆ రాత్రి అది నీళ్ళతో నిండి, పక్కనే ఉన్న దుకాణాలని కాపాడింది. దీనికి మన భాషలో మాటలు ఎప్పటినుంచో ఉన్నాయి. నీళ్ళు నిలిచేది చెరువు. నీళ్ళని ఆపేది కట్ట. అవసరమైనంత వదిలేది తూము. ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే చోటు అలుగు, తెలంగాణలో మత్తడి అంటారు. గ్రీన్‌స్లేడ్ అంటే ఎప్పుడూ ఎండిపోయి ఉండే చెరువు, అంతే.

మౌంట్ రాస్కిల్‌లో కూడా టె అవావుంగా అనే వాగుని కాంక్రీటు కాలువ నుంచి విడిపించి, వంపులు తిప్పి, చుట్టూ ఇక్కడి చెట్లు నాటారు. ఆ చుట్టుపక్కల భారతీయ కుటుంబాలు చాలా ఉన్నాయి. సాయంత్రం నడకకి వచ్చే పెద్దవాళ్ళు అక్కడ తెలుగులో మాట్లాడుకోవడం నేను వింటుంటాను.

ఇంకో పని కూడా జరుగుతోంది. పాత పేటల్లో వాననీళ్ళూ మురుగూ ఒకే పైపులో పోతాయి. పెద్ద వాన వస్తే అవి పొంగి వాగుల్లో, బీచుల్లో కలుస్తాయి. దాన్ని ఆపడానికి గ్రే లిన్ నుంచి మాంగెరే దాకా 16 కిలోమీటర్ల సొరంగం తవ్వారు. దాని పేరు సెంట్రల్ ఇంటర్‌సెప్టర్. వైటెమాటా తీరం బీచులు దీనివల్ల శుభ్రపడతాయి. మంచిదే. అయితే ఆ మురుగు వెళ్ళేది ఎటు? మళ్ళీ మాంగెరేకే. అక్కడి శుద్ధి ఎప్పటికీ బాగా జరగాలని అడగాల్సిన బాధ్యత ఎగువన ఉన్న మన మీద ఉంది.

మన అమ్మానాన్నలు ఈ దేశానికి వచ్చేసరికి ఈ పైపులన్నీ వేసే ఉన్నాయి. వాటిని మనం వేయలేదు, కానీ రోజూ వాడుతున్నాం. సింకులో పోసిన గారెల నూనె గడ్డకట్టి పైపుకి అడ్డం పడితే, ఆ మురుగు పొంగేది దగ్గర్లోని వాగులోకే. చల్లారిన నూనెని కాగితంతో తుడిచి చెత్తబుట్టలో వేయడం చిన్న పనే.

మీరు ఏ ఊళ్ళో ఉన్నా ఒక పని చేయండి. మీ ఇంటి నీళ్ళు ఎటు పోతాయో కనుక్కోండి. ఆ వాగు పాత పేరు ఏమిటో, దిగువన ఎవరున్నారో తెలుసుకోండి. తర్వాత ఇంట్లో పెద్దవాళ్ళని వాళ్ళ ఊరి చెరువు పేరు అడగండి. దాని అలుగు ఎటు పారేదో కూడా అడగండి. కొత్త మాటలు చాలా దొరుకుతాయి.