ఎల్ల దాటే తుపాకి

కల్యాణదుర్గం నుంచి మడకశిరకు తిన్నగా నడిచిపోయే బాటసారి రెండుసార్లు రాష్ట్రపు ఎల్ల దాటుతాడు. నడుమ ఉన్న పావగడ తాలూకా కర్ణాటకది. దానికి మూడు వైపులా ఆంధ్ర భూమే. ఆ రాతిగుట్టలే, ఆ వేరుసెనగ చేలే, సంతలో వినబడే తెలుగు కూడా అదే. కాని అతని భుజాన లైసెన్సు తుపాకి ఉండి, ఆ లైసెన్సు తన జిల్లా వరకో తన రాష్ట్రం వరకో మాత్రమే చెల్లేదైతే, పావగడ పొలిమేరలో అడుగుపెట్టిన క్షణాన అతడు నేరస్థుడు. 1962 అక్టోబరు 1న అమలులోకి వచ్చిన 1959 నాటి ఆయుధాల చట్టం తుపాకిని మనిషితోనే కాక నేలతో కూడా ముడివేసింది. నిడుగల్లు కొండ ఎక్కదలచినవాడు బయలుదేరకముందే లైసెన్సు చెల్లే ప్రాంతాన్ని పెంచుకోవాలి. హంపీ దగ్గరి దరోజీ ఎలుగుబంట్ల అభయారణ్యంలోకి పోదలిస్తే అదీ చాలదు; 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం రాష్ట్ర ప్రధాన సంరక్షకుని లిఖితపూర్వకమైన అనుమతి ముందే చేతిలో ఉండాలి.

ఇదంతా పరిపాలనా సౌకర్యమని సరిపెట్టుకోవచ్చు. కాని ఈ సీమలో ఆయుధం ఎవరి చేతినుంచి జారి ఎవరి చేతికి చేరిందో పరిశీలించినవారికి అలా సరిపెట్టుకోవడం సాధ్యం కాదు.

1800లో నిజాము ఈ జిల్లాలను కంపెనీకి దత్తం చేశాడు. తామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి మొదట అనంతపురంలోనే మకాం పెట్టాడు. అప్పటికి దత్తమండలంలో ఎనభైమంది పాలెగాళ్లు, వారి వెనుక ముప్పైవేల సాయుధులు ఉన్నారని లెక్క. ఏడేళ్లలో మన్రో ఆ బలాన్ని చెదరగొట్టాడు; కొందరిని వెళ్లగొట్టి, కొందరికి పింఛను పడవేశాడు. పాలెగాడు రైతుకు చుట్టమేమీ కాదు. అతడి బంట్లు దోచుకున్న ధాన్యంలో ఎక్కువభాగం రైతుదే. అతణ్ని స్వాతంత్ర్యవీరుణ్ని చేసే ఉత్సాహం ఈ మధ్య మనలో కొంచెం హెచ్చుగానే ఉంది. అయితే మన్రో ఆయుధాలు లాగుకున్నది రైతు మేలు కోరి కాదు. శిస్తు వసూలుకు అడ్డు నిలిచే బలం గ్రామంలో మిగలకూడదు, అంతే. రైత్వారీ, నిరాయుధీకరణ ఒకే పనికి రెండు చేతులు.

ఆ పనిలో నలిగిపోయినవాడు కట్టుబడి బంట్రోతు. ఊరి కావలికి, యుద్ధానికి ఆయుధం పట్టి, అందుకు బదులుగా తక్కువ పన్నుతో ఇనాము భూమి అనుభవించిన చిన్నవాడు అతడు. ఆయుధం పనికిరానిదయ్యాక భూమీ పోయింది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానామీద పడినప్పుడు ఆయన వెంట నడిచినవారిలో ఈ కట్టుబడివాళ్లే ముఖ్యులు. రెడ్డికి పింఛను తగాదా, వాళ్లకు తిండి తగాదా. 1847 ఫిబ్రవరిలో రెడ్డిని ఉరితీశారు. ఆయన పేరు చరిత్రలో నిలిచింది. వాళ్ల పేర్లు తెలిసినవారెందరు?

1878లో లిట్టన్ ప్రభుత్వం ఆయుధాల చట్టం తెచ్చింది. భారతీయుడికి లైసెన్సు కావాలి, తెల్లవాడికి మినహాయింపు. అంతకుముందే, 1861లో, కొడగువాసులకు వేరొక మినహాయింపు దక్కింది. ప్రభుత్వపక్షాన నిలిచిన కొడవలకు అది బహుమానం. 1834లో కొడగును కలుపుకున్న ప్రభువులకు అక్కడి తుపాకి భయం కలిగించలేదు, దత్తమండలపు బల్లెం మాత్రం కలిగించింది! ఆశ్చర్యమేమంటే, ఆ మినహాయింపు మన రిపబ్లిక్కులోనూ నిలిచింది. 2019లో కేంద్రప్రభుత్వం దాన్ని 2029 దాకా పొడిగించింది. 2021లో కర్ణాటక హైకోర్టు దాన్ని సమర్థించింది.

1931 కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నియమాలకు లోబడి ఆయుధం ధరించే హక్కు కూడా ఉంది. 1948 డిసెంబరులో రాజ్యాంగసభలో హెచ్.వి. కామత్ దాన్ని గుర్తుచేసి సవరణ తెస్తే అంబేద్కర్ వ్యతిరేకించాడు, సవరణ వీగిపోయింది. చివరకు రాజ్యాంగంలో మిగిలింది ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు. ముఠాలు పండిన మన సీమను చూచినవాడెవడూ అంబేద్కరును తప్పుపట్టలేడు, నేనూ పట్టను. కాని హక్కు పోయి అనుగ్రహం మిగిలినచోట ఆ అనుగ్రహం ఎవరి గడపకు చేరుతుందన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. బళ్లారి మైసూరుకు పోయింది, రాయదుర్గం అనంతపురంలో కలిసింది. నిన్నటిదాకా రాయదుర్గంనుంచి బళ్లారికి పోవడమంటే సొంత జిల్లా కేంద్రానికి పోవడం. మర్నాడు అది పరరాష్ట్ర ప్రయాణం. కొండలమీది ఎలుగుబంటికి, చేలమీద పడే అడవిపందికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. పంట కాపాడుకునే రైతుకు మూతినుంచి మందు దట్టించే తుపాకికి లైసెన్సు ఇవ్వవలసిందని 1959 చట్టం 13వ సెక్షనులో ఉంది. ఏటా 550 మిల్లీమీటర్ల వాన కురవడమే గగనమైన ఈ మెట్టలో వేరుసెనగ గింజను పందినుంచి కాచుకోవడం చిన్న విషయం కాదు. ఆ సెక్షను పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక, ఖర్చు ఎవరికి ఉంటాయో చెప్పనక్కరలేదు. మంచెమీద కూర్చున్న చిన్నరైతు చేతిలో మాత్రం ఈనాటికీ రేకుడబ్బా, కర్రా ఉన్నాయి. డబ్బా మోగితే పంది గట్టు దాటి పావగడ చేలోకి పోతుంది. అక్కడ కూడా ఒకడు డబ్బా మోగిస్తాడు.