క్రోన్స్ వ్యాధి: కోత నుంచి కుట్టు దాకా

న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రి వైద్యులు బరిల్ క్రోన్, లియోన్ గింజ్‌బర్గ్, గోర్డన్ ఓపెన్‌హైమర్ 1932లో 14 మంది రోగుల వివరాలతో ఒక వ్యాసం ప్రచురించారు. చిన్నపేగు చివరి భాగం వాచి, పుండ్లు పడి, ఇరుకైపోయే జబ్బు అది. క్రోన్ పేరే దానికి స్థిరపడింది. చెడిన పేగు కోసి తీసేస్తే రోగం వదులుతుందని అప్పట్లో ఆశ. కానీ కుట్టువేసిన చోటికి కాస్త పైనే మళ్లీ పుండ్లు లేచేవి.

ఎక్కువ కోస్తే తిరగబెట్టదేమోనని బాగున్న పేగునూ తీసేసినవారున్నారు. రెండు మూడు ఆపరేషన్లయ్యేసరికి తిన్నది ఒంటబట్టడానికి చాలినంత పేగు మిగలని రోగులూ ఉన్నారు. చివరికి 1996లో క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో విక్టర్ ఫాజియో బృందం ఈ సంగతి తేల్చింది. జబ్బు చోటు దాటి 2 సెంటీమీటర్లు తీసినా, 12 తీసినా జబ్బు తిరగబెట్టడంలో తేడా లేదు.

అసలు కోసి పారేయకుండానే పని జరిపించే దారి అప్పటికే మన దేశంలో పడింది. చండీగఢ్‌లో ఆర్.ఎన్. కటారియా బృందం క్షయవల్ల ఇరుకైన పేగులకు చేసిన శస్త్రచికిత్సను 1977లో ప్రచురించింది. ఇరుకైన చోట పేగును నిలువుగా చీల్చి, ఆ చీలికను అడ్డంగా కుట్టేస్తారు. దారి వెడల్పవుతుంది, పేగు ముక్క కూడా పోదు. దీన్నే 1982లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇమాన్యుయెల్ లీ క్రోన్స్ రోగులకు వాడారు. స్ట్రిక్చరోప్లాస్టీ అంటే ఇదే.

జపాన్‌లోని అసహికావాలో తోరు కోనో 2003లో అదే సూత్రాన్ని, చెడిన పేగు తీశాక మిగిలిన కొనలను కలిపే అతుకుకు తెచ్చారు. జబ్బు తరచూ మెసెంటరీ, అంటే పేగును పట్టి ఉంచే కొవ్వు పొర, అంటుకున్న వైపునుంచే మొదలవుతుంది. అందుకని ఆయన కోసిన రెండు కొనలనూ మూసి, ఒకదానికొకటి కుట్టి, అతుకు కుంగకుండా ఆనుగా నిలిపారు. తర్వాత మెసెంటరీకి ఎదురువైపున పేగును నిలువుగా తెరిచి అడ్డంగా కలిపారు. నేపుల్స్‌లో 79 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. ఆరు నెలలకు కోనో అతుకున్నవారిలో 22 శాతం మందికి, మామూలు అతుకున్నవారిలో 63 శాతం మందికి ఎండోస్కోపీలో జబ్బు తిరిగి కనిపించింది.

మెసెంటరీనే తీసేస్తే మేలన్న ఆశ 2018లో ఐర్లాండ్‌లోని లిమెరిక్ నుంచి వచ్చింది. 2024లో వెలువడిన స్పైసీ (SPICY) అనే పరీక్షలో మాత్రం ఆరు నెలలకు ఆ లాభం కనబడలేదు.

ఏ కుట్టూ ఈ జబ్బును శాశ్వతంగా ఆపలేదు. ఆపరేషనయ్యాక పొగతాగడం మానాలి, డాక్టరు రాసిన మందులు ఆపకూడదు. బాధేమీ లేకపోయినా ఆరు నెలలనుంచి ఏడాదిలోపు కొలనోస్కోపీ చేయించుకోవాలి. కడుపునొప్పి రాకముందే పుండ్లు అందులో కనబడతాయి.